హైమావతి విన్న మాట

మా సంఘంలో కళ్ళు తెరిచి ప్రార్థన చేసేది హైమావతి ఒక్కతే. మిగతా వాళ్ళమంతా బుద్ధిగా కళ్ళు మూసుకుంటాం. పెద్దమనిషి భీమారావు గారికి మొదట్లో ఇది కంట్లో నలుసులా ఉండేది. "ఆవిడ చూసేది దేవుణ్ణా, తలుపునా?" అని మా ఆయనతో అన్నారట. తలుపునే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసి కూడా అడిగే మనుషులంటే నాకు ఒళ్ళు మంట.

హైమావతిది పాలకొల్లు. పెళ్ళికి ముందు అక్కడ చిన్న పిల్లలకు తెలుగు చెప్పేది. భర్తతో కెనడా వచ్చాక ఆ చదువు ఇక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది. భర్త గుండెపోటుతో పోయాడు. కూతురు మృదుల ఒట్టావాలో ఉంటుంది. తల్లి తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిచ్చి, తిన్నావా అని కూడా ఇంగ్లీషులోనే అడిగి ఫోన్ పెట్టేస్తుంది. మంచి పిల్లే, కాదనను. హైమావతి మిస్సిసాగాలో ఒక నర్సింగ్ హోమ్‌లో పని చేస్తుంది. ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం. సాయంత్రం నడుం పట్టుకుని బస్సు దిగుతుంది. ఆమెకు మాట తక్కువ, నాకు ఎక్కువ. అందుకే మా ఇద్దరికీ కుదిరింది. వాన్ అనే పక్క ఊళ్ళో జరిగే ప్రార్థనకు నా కారులోనే వస్తుంది.

వాన్‌లో టైర్ల షాపు మీద ఒక గది అద్దెకు తీసుకున్నాం. కింద నట్లు విప్పే మెషిన్ గిర్రుమంటుంటే పైన మేం పాటలు పాడుకుంటాం. దానికి మేడగది అని పేరు పెట్టింది అయ్యగారు. దైవసహాయం అయ్యగారిది తెనాలి. వారమంతా స్కూల్ బస్సు నడిపి, ఆదివారం మాకు వాక్యం చెప్పేవారు. భార్య పోయింది, పిల్లల్లేరు. యేసు ప్రభువు వెళ్ళిపోయాక శిష్యులు తలుపులేసుకుని కూర్చున్నది కూడా ఇలాంటి అద్దె గదిలోనే అయ్యుంటుందనీ, కింద ఏ గాడిదల కొట్టమో ఉండేదనీ అనేవారు. ఆయన చెబితే ఆ పదకొండుమంది శిష్యులూ మన బంధువుల్లాగే అనిపించేవారు. భయపడేవాళ్ళు, వంతులు పోయేవాళ్ళు, తర్వాత ఏం చేయాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు.

తన తర్వాత వాక్యం చెప్పడానికి అయ్యగారు ఒక పిల్లవాణ్ణి తయారు చేస్తుండేవారు. పేరు నిశాంత్, ఖమ్మం పిల్లవాడు. కాలేజీ చదువు అయిపోయింది, వేర్‌హౌస్‌లో పని. కీబోర్డు వాయించేవాడు. అయ్యగారి ఇంట్లోనే సగం భోజనాలు. ఆదివారం అయ్యగారి పక్క కుర్చీ వాడిది. ఒక్కో వారం ఆయన చేతి సైగ చేసేవారు, వాడు లేచి నాలుగు మాటలు చెప్పేవాడు. వాడి మాట తిన్నగా గుండెకు తగిలేది.

పోయిన సంవత్సరం చలికాలం ముందు ఆ పిల్లవాడు సిటీ ఆఫీసుకు ఫోన్ చేసి మా గది మీద కంప్లైంట్ ఇచ్చాడు. ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మెట్ల దారి, కింద నిండా టైర్లు, పైన వైర్లు లాగి పెట్టుకున్న హీటర్లు. అధికారి వచ్చి చూసి గది మూయించాడు. ఎవరు చెప్పారో తెలియక మేం తలలు బద్దలు కొట్టుకుంటుంటే, పార్కింగ్ లాట్‌లో అందరి ముందూ వాడే చెప్పాడు. "నేనే చేసిన. మా పక్కింటి బేస్‌మెంట్ తగలబడ్డప్పుడు చూసిన అయ్యగారూ. మీకు మూడుసార్లు చెప్పిన. ఓనర్‌కు చెప్పిన. ఎవరూ వినలే."

భీమారావు గారు వాణ్ణి ఇస్కరియోతు అన్నారు. గురువును పట్టిచ్చిన వాడి పేరు! ఆ మాట విన్నాక వాడు అయ్యగారి వంక చూశాడు. అయ్యగారికి అప్పటికే దగ్గు. దగ్గుతూ తల వంచుకున్నారే గానీ నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. మరుసటి వారం నుంచి నిశాంత్ రాలేదు.

గది ఓనర్ వెనకవైపు ఇనప మెట్లు వేయించేదాకా మేం పార్కింగ్ లాట్‌లోనే కూడాం. ఆ చలిలో నిలబడి వాక్యం చెప్పి చెప్పి అయ్యగారు మంచం పట్టారు. న్యుమోనియా అన్నారు. గది మళ్ళీ తెరిచేనాటికి ఆయన హాస్పిటల్లో ఉన్నారు. మగవాళ్ళందరికీ ఉద్యోగాలు, మీటింగులు. పక్కన కూర్చున్నది హైమావతి. రోజంతా ముసలివాళ్ళకు చేసి, ఆ చేతులతోనే వచ్చి ఆయనకు చేసేది.

ఆయన పోయిన రోజు సంఘమంతా హాస్పిటల్ కారిడార్‌లో ఆమె చుట్టూ చేరింది.

"చివరికి ఏమన్నారు సిస్టర్?" అని అడిగారు భీమారావు గారు.

"కనిపెట్టండి అన్నారండి," అంది హైమావతి.

వినగానే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మా ఆయన కూడా. ఎందుకంటే మా సంఘాల్లో ఆ మాటకు ఒక అర్థం ఉంది. మందిరం బయట తెలుగువాళ్ళెవరికైనా కనిపెట్టడమంటే దేన్నయినా కనుక్కోవడం, లేదా ఎవరినైనా కాస్త చూసుకోవడం. మా పాత వాక్యంలో మాత్రం కనిపెట్టడమంటే దేవుని కోసం ఎదురుచూడటం. శిష్యులతో ప్రభువు చివరగా చెప్పింది కూడా అదే. ఊరు విడిచి వెళ్ళొద్దు, పంపుతానని మాట ఇచ్చిన పరిశుద్ధాత్మ వచ్చేదాకా కనిపెట్టండి అని. మా ఊళ్ళలో కనిపెట్టు కూటాలని రాత్రింబవళ్ళు ప్రార్థనలు పెడతారు. అయ్యగారు ప్రభువు మాటతోనే కన్ను మూశారని అందరూ అనుకున్నారు.

సమాధి కార్యక్రమం అయ్యాక భీమారావు గారు అందర్నీ కూర్చోబెట్టారు.

"గురువు వెళ్ళాక ఆ పదకొండుమంది ఏం చేశారు? చెదిరిపోలేదు. మేడగదిలో ఏకమనస్సుతో కనిపెట్టారు. గురువును పట్టిచ్చి విడిచిపోయిన పన్నెండోవాడి చోటు ఖాళీగా ఉంచలేదు. ఇద్దర్ని నిలబెట్టి చీట్లు వేసి ఒకణ్ణి తీసుకున్నారు. ఆ తర్వాతే పరిశుద్ధాత్మ దిగింది, పని మొదలైంది. మనం కూడా అదే వరస. పది సాయంత్రాలు కనిపెడదాం. ఆదివారం చీట్లు వేద్దాం. అయ్యగారి పక్కన ఖాళీ అయిన ఆ కుర్చీలో కూర్చున్నవాడే ఇక మనకు వాక్యం చెబుతాడు."

నిలబడ్డ ఇద్దరిలో ఒకడు వికాస్, నార్త్ యార్క్‌లో బ్యాంకు ఉద్యోగం, చక్కగా మాట్లాడతాడు. రెండోవారు మా ఆయన. మా ఆయన సంగతి నన్ను అడక్కండి. అద్దం ముందు ప్రసంగం ప్రాక్టీస్ చేస్తుంటే నేను పోపు మాడ్చుకున్నాను.

ఫిబ్రవరి చలి. ఆఫీసుల నుంచి, షిఫ్టుల నుంచి నేరుగా వచ్చి కోట్లు విప్పకుండానే మోకరించేవాళ్ళం. అయ్యగారి కుర్చీ, పక్కన నిశాంత్ కుర్చీ, రెండూ ఖాళీ. ఎవరూ అటు చూసేవాళ్ళు కాదు. ఆయన లేని ఆ గదిలో ఎంత పాడినా పాట పైకి లేచేది కాదు. మధ్యలో ఎవరో ఒకరు ఏడ్చేవారు. ఏడుపు అంటువ్యాధి కదా, అందరం ఏడ్చేవాళ్ళం.

ఒక బుధవారం బయట మంచు కురుస్తోంది. భీమారావు గారు గొంతెత్తి ప్రార్థిస్తున్నారు. "ద్రోహి విడిచిన స్థలాన్ని యోగ్యుడితో నింపు ప్రభువా. ఆ పేరు మా మధ్య నుంచి తుడిచివెయ్యి."

అంతలో ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చి తలుపు దగ్గర ఆగింది. ఎవరూ తలుపు తట్టలేదు. నేను ఒక కన్ను తెరిచాను. హైమావతి మోకాళ్ళ మీది నుంచి లేచింది, తలుపు వైపు అడుగు వేయబోయింది. భీమారావు గారు కళ్ళు మూసుకునే చెయ్యెత్తారు. "ఎవరూ కదలొద్దు. కనిపెట్టే వేళ అంతరాయం తెచ్చేది సాతానే."

హైమావతి మళ్ళీ మోకరించింది. ప్రార్థన సాగింది. కాసేపటికి అడుగులు దిగిపోయాయి. తర్వాత మేం తలుపు తీస్తే గడప ముందు మంచు తొక్కి తొక్కి నల్లబడి ఉంది. అక్కడ ఎవరో చాలాసేపు నిలబడ్డారు.

"సిటీ వాళ్ళయి ఉంటారు, మళ్ళీ ఇన్‌స్పెక్షన్ ఏమో," అన్నాడు వికాస్.

తిరిగి వస్తుంటే 401 హైవే మీద ట్రాఫిక్ నత్తలా పాకుతోంది. హైమావతి ఎప్పట్లాగే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, కారు ఆపు."

"401 మీద ఎక్కడ ఆపేది తల్లీ, వెనకాల లారీవాడు మన మీంచి వెళ్ళిపోతాడు. ఏమైంది?"

"నిశాంత్‌ని అన్నారక్కా."

"ఎవరు?"

"అయ్యగారు. 'కనిపెట్టండి' అనడానికి ముందు 'నిశాంత్‌ని' అన్నారు. అంతలో నర్సు వచ్చి మాస్కు మార్చింది, మందేదో ఎక్కించింది. ఆవిడ వెళ్ళాక కళ్ళు తెరిచి కనిపెట్టండి అన్నారు. పిల్లాడి మీద బెంగతో పేరు తలుచుకున్నారనుకున్నా. ఇక్కడ వాడి పేరెత్తితే అందరూ భగ్గుమంటున్నారని ఆ ముక్క చెప్పలేదు. కానీ అక్కా, వాణ్ణి పిలిస్తే నిశాంతూ అనేవారు కదా! ఎప్పుడూ అలాగే పిలిచేవారు. నిశాంత్‌ని అన్నారు. ని. నేను పాతికమంది పిల్లల చేత వల్లె వేయించానక్కా, ని, ను, ల, కూర్చి, గురించి. 'ని' అన్నాక మాట ఆగదు. ఏదో ఒకటి చెయ్యమని ఉండాలి."

మధ్యలో వచ్చిన నర్సును తీసేస్తే అది ఒకటే వాక్యం. నిశాంత్‌ని కనిపెట్టండి. వెతకమన్నారో, చూసుకోమన్నారో, ఏదైనా సరే. తెనాలి మనిషి చనిపోతూ ఇంటి తెలుగు మాట్లాడితే మేం దాన్ని మందిరం తెలుగు చేసి మోకరించాం.

గురువారం హైమావతి ఈ మాట అందరి ముందూ చెప్పింది. ఆమె అంతసేపు మాట్లాడటం ఎవరూ ఎరుగరు. భీమారావు గారు ఓపిగ్గానే విన్నారు.

"సిస్టర్, మీ బాధ అర్థమైంది. కానీ విభక్తుల మీద సంఘం నడవదు. అయ్యగారు ఎన్నేళ్ళుగా మనకు ఆ మేడగది గురించి చెప్పారు! ఆయన మనసులో ఉన్నది అదే."

"ఆ కథలో విడిచిపోయినవాడు చచ్చిపోయాడండి. అందుకని చోటు నింపుకున్నారు. మనవాడు బతికే ఉన్నాడు."

వికాస్ మెల్లగా అన్నాడు. "ఆంటీ, సండే అవనివ్వండి. ప్రాసెస్ కంప్లీట్ చేసి, తర్వాత అందరం కలిసి వెతుకుదాం."

అంటే ముందు దేవుణ్ణి కనిపెట్టి, తీరుబడిగా పిల్లవాణ్ణి కనిపెడతారన్నమాట. నాకు తిక్క రేగి ఏదో అనబోతే మా ఆయన నా కొంగు లాగారు. ఆయనకు చీటీ ఉంది కదా మరి.

శనివారం హైమావతి షిఫ్టు మార్పించుకుంది. నిశాంత్ ఫోన్ పలకడం లేదు. పాత వేర్‌హౌస్‌లో అడిగితే మానేసి చాలా రోజులైందన్నారు. అక్కడి తెలుగు పిల్లలు ఒక ఇంటి గుర్తులు చెప్పారు. వాన్ చివర, వరసగా ఒకేలాంటి ఇళ్ళు. హైమావతి ఒళ్ళో ఒక గిన్నె పెట్టుకుంది. "గోంగూర పచ్చడి, వాడికిష్టం," అంది. దారంతా ఆ గిన్నె కదలకుండా పట్టుకునే ఉంది. ఏం చెప్పాలో తనలో తనే అనుకుంటోందని పెదవులు చూస్తే తెలుస్తోంది. బేస్‌మెంట్ తలుపు తీసిన కుర్రాడు రేవంత్. నిద్రమొహం, పైన దుప్పటి.

"నిశాంత్ ఉన్నాడా నాయనా?"

"లేడాంటీ. నిన్ననే ఖాళీ చేసిండు. విన్నిపెగ్ దిక్కు పోతనన్నడు, ఎవరో దోస్తు ఉన్నడట. వర్క్ పర్మిట్ గూడ అయిపోవస్తాంది. ఫోన్ చేస్తే కలుస్తలేదు." మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీరు చర్చోళ్ళా? మొన్న బుధవారం మీ కాడికే వచ్చిండు గదా!"

హైమావతి నా వంక చూడలేదు.

"పెద్దాయన పోయిండని ఆ పొద్దే తెల్సిందట," అన్నాడు రేవంత్. "ఏడ్చుకుంట పోయిండు. లోపల ప్రార్థన నడుస్తాందట. వాకిట్ల నిలబడ్డడు. వాపసొచ్చి, నా జాగల ఇంకొకర్ని పెడ్తున్నరురా, మంచిదే అన్నడు. అన్నం పెడితే తినలే."

మేం కారులో కూర్చున్నాం. తాళం తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు. పచ్చడి గిన్నె ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది.

"నేను లేచానక్కా," అంది హైమావతి. "లేచి, మళ్ళీ కూర్చున్నాను."

నేను తాళం తిప్పాను.

ఆదివారం చీట్లు వేయడానికి ముందు ఆమె లేచి రేవంత్ చెప్పినదంతా చెప్పింది. ఎవరి మీదా నెపం వేయలేదు. భీమారావు గారి మొహం పాలిపోయింది.

"వచ్చింది వాడని మనకెలా తెలుస్తుంది సిస్టర్?" అన్నారు.

"తలుపు తీస్తే తెలిసేదండి."

ఆయన తల దించుకున్నారు. ఆపేస్తారేమో అనుకున్నాను. ఆపలేదు. వరస మొదలుపెట్టాక మధ్యలో ఆపడం మగవాళ్ళకు చేతకాదు. కాఫీ కప్పులో రెండు చీట్లు వేసి ఊపారు. ఒకటి నేల మీద పడితే వంగి తీసి మళ్ళీ వేశారు. వికాస్ పేరు వచ్చింది. అందరూ స్తోత్రం అన్నారు, ఆ స్తోత్రంలో ప్రాణం లేదు. ఆ పాత కథలో చీటీ రానివాడు తర్వాత ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. మా ఇంటి సంగతి నాకు తెలుసు. మా ఆయన అలిగి, పెరుగన్నం చాలన్నారు. రెండోనాటికి ఆ అలక కూడా సిగ్గులోకి దిగింది.

వికాస్‌ను అనడానికేమీ లేదు. బాగానే చెబుతున్నాడు, తెలుగు కాస్త ఇంగ్లీషు కలిపి. కొత్తగా చదువులకు వచ్చిన పిల్లలు కూడా వస్తున్నారు. విన్నిపెగ్ తెలుగు గ్రూపుల్లో మెసేజ్ పెట్టాడు, తెలిసినవాళ్ళకు ఫోన్లు చేశాడు. నిశాంత్ అనేవాణ్ణి చూశామని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అయ్యగారి పని సాగుతోందని భీమారావు గారు అంటుంటారు. సాగుతోంది, కాదనను. ఇప్పుడు మేం ఎక్కేదీ దిగేదీ ఆ పిల్లవాడు ఫోన్ చేస్తే వచ్చిన మెట్ల మీదుగానే. పట్టుకునే కడ్డీ కూడా గట్టిది.

హైమావతి తన కుర్చీని తలుపు పక్కకు మార్చుకుంది. గాలి సందులోంచి కొడుతుందని, మోకాళ్ళు పట్టేస్తాయని చెప్పినా వినదు. మొదటిసారి వికాస్ ప్రార్థన మొదలుపెట్టబోయి ఆమెను చూసి ఆగాడు.

"ఆంటీ, ప్రార్థన చేసుకుందాం. కళ్ళు మూసుకోండి."

"మీరు మూసుకోండి నాయనా. ఒకళ్ళమైనా చూస్తుండాలి."

వికాస్ తనే కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఎవరూ అడగలేదు.

మొన్న ఆదివారం ప్రార్థన మధ్యలో ఇనప మెట్ల మీద ధడేల్మని చప్పుడైంది. హైమావతి ఎప్పుడు లేచిందో తెలియదు, మేం కళ్ళు తెరిచేసరికి తలుపు బార్లా తీసి గడప అవతల నిలబడి ఉంది. చెప్పులు కూడా లేవు. మెట్ల మీద ఎవరూ లేరు. పైకప్పు మీది మంచుపెళ్ళ జారి పడింది, అంతే. ఆమె ఆ చివరి మెట్టుదాకా చూసింది, పార్కింగ్ లాట్ అంతా చూసింది. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది గానీ తలుపు వేయలేదు. చలి గది మధ్యకు వచ్చేసింది. పిల్లలు కోట్లు దగ్గరకు లాక్కున్నారు. భీమారావు గారు మఫ్లరు చెవుల మీదకు చుట్టుకుని, తలుపు వంక ఒకసారి చూసి, తల వంచుకున్నారు.

తలుపు వేయమని ఎవరూ అనలేదు.